చివరి మాట ఎవరిది?

ఒక మనిషిని జనం దేవుడిగా కొలవడం మొదలుపెట్టారనుకుందాం. తాను దేవుణ్ణి కానని ఆ మనిషి ఎలా నమ్మించాలి? కాదంటే వినయమంటారు. కోప్పడితే శాపమనుకుంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నాడంటారు. ఏం చేసినా భక్తి పెరుగుతుందే గాని తగ్గదు. 1989 అక్టోబరులో ఒక అమెరికన్ టీవీ సీరియల్ ఈ చిక్కుముడిని ముప్పావు గంటలో విప్పి చూపింది. అంతకు అరవై ఏళ్ల ముందు, మదనపల్లెలో పుట్టిన ఒక మనిషి అదే ముడిని తన జీవితంలోనే విప్పుకున్నాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న కోరికతో రాస్తున్న వ్యాసమిది.

పరాయి లోకానికి వెళ్లినవాళ్లు అక్కడి జనం బతుకులో వేలు పెట్టవచ్చా, పెట్టకూడదా? సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు అరవై ఏళ్లుగా ఈ ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బతికేవాళ్లకు ఇది టీవీలో మాత్రమే ఉన్న ప్రశ్న కాదు. ఐర్లాండు నుంచి కవి వచ్చాడు, డెన్మార్కు నుంచి డాక్టరు వచ్చాడు, ఇజ్రాయెల్ నుంచి సేద్యం వచ్చింది, అమెరికా నుంచి కంప్యూటర్ల కంపెనీ వచ్చింది. అందుకే ఈ కథలను మనం కొంచెం ఎక్కువ హక్కుతో చూడవచ్చు. అలా చూసినప్పుడు నాకు తేలిందొకటే. జోక్యం ఒప్పా తప్పా అని తీర్పు చెప్పినందువల్ల ఈ కథలకు గొప్పతనం రాలేదు. వచ్చినవాణ్ణి ఎంత తగ్గించారు, ఉన్నవాళ్లకు ఎంత నోరిచ్చారు అన్నదాంట్లోనే వాటి పనితనమంతా ఉంది.

నాయకుడి చేతులు కట్టేసిన నియమం

జీన్ రాడెన్‌బెరీ 1966లో ‘స్టార్ ట్రెక్’ మొదలుపెట్టాడు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, వారానికొక కొత్త లోకం. ఇలాంటి కథకు పుట్టుకతోనే ఒక జబ్బుంటుంది. అంత పెద్ద ఓడ, అంత పదునైన ఆయుధం ఉన్నవాడు ఎక్కడ దిగినా గెలుస్తాడు. గెలుపు ముందే తెలిసిన కథలో చూడడానికేముంది? అందుకని రచయితలు తమ నాయకుడి చేతులు తామే కట్టేశారు. నక్షత్రాల దాకా ప్రయాణించడం ఇంకా నేర్వని జాతి తన దారిన తాను ఎదగాలి, బయటివాళ్లు అడ్డం పడకూడదు అని ఓడకు ఒక కట్టడి పెట్టారు. దాని పేరు ప్రైమ్ డైరెక్టివ్. 1967 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘ద రిటర్న్ ఆఫ్ ది ఆర్కాన్స్’ భాగంలో ఇది మొదటిసారి వినిపిస్తుంది. నీతిగా తీసుకుంటే ఇది వలస పాలన చూసిన శతాబ్దం తనకు తాను చెప్పుకున్న బుద్ధి. కథాశిల్పంగా తీసుకుంటే బలవంతుడి కథను ఆసక్తిగా మార్చే అద్భుతమైన ఉపాయం. చేయగలిగీ చేయకూడని స్థితిలో నిలబెడితేగాని మనిషి లోపల ఏముందో బయటపడదు.

ఆ తొలి సీరియల్లో కెప్టెన్ కర్క్ నియమాన్ని ఎన్నిసార్లు తలుస్తాడో దాదాపు అన్నిసార్లూ దాటుతాడు. అయితే దాటినప్పుడు చెల్లించే మూల్యాన్ని రచయితలు దాచలేదు. 1968 ఫిబ్రవరిలో, వియత్నాం యుద్ధం మండుతున్న రోజుల్లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’నే చూడండి. ఒక గ్రహంలో ఒక వర్గానికి కర్క్ శత్రువులు దొంగచాటుగా తుపాకులు అందిస్తారు. రెండో వర్గం విల్లంబులతో బతికే కొండవాళ్లు, కర్క్‌కు పాత స్నేహితులు. వాళ్లను చావనివ్వలేక వాళ్లకూ అవే తుపాకులిస్తాడు కర్క్. రెండు పక్షాలకూ బలం సరిపోయింది, లెక్క కుదిరింది. కానీ కెప్టెన్ ముఖంలో గెలిచిన కళ లేదు. అప్పటి అమెరికన్ ప్రేక్షకుడికి ఆ ముఖం చూపించడం సాహసమే.

అదే ఏడాది జనవరిలో వచ్చిన ‘ఎ పీస్ ఆఫ్ ది యాక్షన్’ హాస్య కథ. నూరేళ్ల కిందట ఒక ఓడ ఒక గ్రహంలో ఆగి, వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం వదిలేసింది. అది షికాగో ముఠాల మీద రాసిన పుస్తకం. ఆ జనం దాన్నే శాస్త్రంగా పట్టుకుని నగరాలకు నగరాలే ముఠా రాజ్యాలుగా కట్టుకున్నారు. నవ్వుతూ చూస్తూండగానే ఒక సంగతి మనసులో దిగుతుంది. వచ్చినవాళ్లు వెళ్లిపోతారు గాని వాళ్లు వదిలిన వస్తువు పని చేస్తూనే ఉంటుంది. పుంగనూరు వైపు వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. లోకంలోకెల్లా పొట్టి పశుజాతుల్లో ఒకటైన పుంగనూరు ఆవు కొద్దిపాటి మేతతో కరువును తట్టుకుని చిక్కని పాలిచ్చే ఆవు. పాల దిగుబడి పెంచాలనే సదుద్దేశంతోనే జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం ఊరూరా చేరింది. సొంత జాతి మాత్రం అంతరించే అంచుకు వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టుదలగా కాపాడుకుంటూ వచ్చింది గనుక నిలిచింది. ఇందులో ఎవరూ చెడు తలపెట్టలేదు. ఆ కథలోని ఓడవాళ్లూ తలపెట్టలేదు.

నూరియా అరచేయి

ఇప్పుడు 1989 నాటి భాగానికి వద్దాం. సీరియల్ ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’. భాగం పేరు ‘హూ వాచెస్ ద వాచర్స్’. రాసినవాళ్లు రిచర్డ్ మ్యానింగ్, హాన్స్ బైమ్లర్. మింటాకా అనే గ్రహంలో కంచుయుగపు జనం. వాళ్లను గమనించడానికి శాస్త్రజ్ఞులు కొండలో దాక్కుని, బయటికి రాయిలా కనిపించే మాయతెర వేసుకుని కూర్చుంటారు. యంత్రం చెడి తెర తొలగిపోతుంది. లీకో అనే అతను లోపలికి తొంగిచూసి దెబ్బతిని పడిపోతాడు. ఓడ డాక్టరు అతన్ని పైకి తీసుకెళ్లి బతికిస్తుంది. కళ్లు తెరిచిన లీకోకు కెప్టెన్ పికార్డ్ కనిపిస్తాడు. ఊరికి తిరిగొచ్చి, మన పూర్వులు నమ్మిన దేవుడు నిజంగానే ఉన్నాడు, పేరు పికార్డ్, చచ్చిన నన్ను బతికించాడు అని చాటుతాడు.

ఇక్కడి నుంచి రచయితల నేర్పు చూడాలి. నమ్మకాన్ని తొలగించడానికి వాళ్లు నాలుగు మెట్లు కట్టారు. ఏ మెట్టూ అలంకారానికి లేదు. మొదటిది మరపు. లీకో జ్ఞాపకాన్ని చెరిపేయాలని చూశారు, అది ఫలించలేదు. యంత్రంతో తేలికగా తప్పించుకునే దారి అలా మూసుకుపోయింది. రెండోది తర్కం. పికార్డ్ ఆ ఊరి నాయకురాలు నూరియాను ఓడలోకి తీసుకొచ్చి, కిటికీలోంచి ఆమె గ్రహాన్నే ఆమెకు చూపిస్తాడు. మీ పూర్వులు గుహల్లో ఉండేవాళ్లు కదా, ఇవాళ మీకు ఇళ్లున్నాయి, విల్లుంది, ఆ పూర్వులు మిమ్మల్ని చూస్తే ఏమనుకుంటారో ఆలోచించమంటాడు. ఆమె ఆలోచిస్తుంది. అర్థమైందంటుంది. వేరే రచయితలైతే కథను ఇక్కడే ముగించేవారు. ఇక్కడ మాత్రం నూరియా మరుక్షణంలో, వరదలో పోయిన మా వాళ్లను బతికించి ఇవ్వమని అడుగుతుంది.

ఈ ఒక్క మలుపు కోసమే ఈ భాగాన్ని ఎన్నిసార్లయినా చూడవచ్చు. నూరియా తెలివితక్కువది కాదు. ఆమె బుద్ధి ఒప్పుకుంది, దుఃఖం ఒప్పుకోలేదు. భక్తికి వేరు అజ్ఞానంలో లేదనీ పోగొట్టుకున్నవాళ్ల ఆశలో ఉందనీ ఆ రచయితలు గ్రహించారు. లీకో పట్టుదలకూ అదే మూలం. అతని భార్య ఆ వరదలోనే పోయింది. దుఃఖంలోంచి పుట్టిన నమ్మకాన్ని తర్కం కదిలించలేదు కాబట్టి మూడో మెట్టు కట్టారు. గాయపడిన శాస్త్రజ్ఞురాలు ఒకామె ఓడ ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉంటుంది. పికార్డ్ నూరియాను ఆ మంచం దగ్గరికి తీసుకెళ్తాడు. ఇంత ఓడ, ఇన్ని యంత్రాలు, ఇంతమంది డాక్టర్లు ఉండీ ఆమె ప్రాణం నిలబెట్టలేకపోతారు. వీళ్లూ తనలాగే చావు ముందు చేతులెత్తేసే మనుషులని నూరియాకు అప్పుడు తెలుస్తుంది.

నాలుగోది నెత్తురు. దేవుడే అయితే బాణం తగిలినా చావడు అని లీకో విల్లెక్కుపెడతాడు. పికార్డ్ తప్పుకోడు. బాణం దిగుతుంది, మనిషి కూలిపోతాడు. నూరియా అతని గాయం మీద చేయి వేసి, తడిసిన అరచేతిని లీకోకు చూపిస్తుంది. గమనించవలసింది ఈ చేతినే. చివరి రుజువు పికార్డ్ నోట రాలేదు, అతని యంత్రం ఇవ్వలేదు. ఆ జనంలో ఒకరు ఆ జనానికి చూపించారు. నడుమ ఒక శాస్త్రజ్ఞుడు, ఎలాగూ దేవుడనుకున్నారు కదా, నాలుగు మంచి ఆజ్ఞలిచ్చి వాళ్లను సన్మార్గంలో పెట్టమని పికార్డ్‌కు సలహా ఇస్తాడు. పికార్డ్ కోపంగా తోసిపుచ్చుతాడు. మంచి చేసే అధికారాన్ని వదులుకోవడం చెడు చేసే అధికారాన్ని వదులుకోవడం కంటే కష్టం. ఆ కష్టాన్ని చూపించడం వల్లే పికార్డ్ పాత్ర నిలబడింది.

ఇప్పుడు మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో ఇక్కడ పుట్టాడు. తండ్రి నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఆ కుటుంబం మద్రాసు అడయారుకు చేరాక 1909లో సముద్రపు ఒడ్డున ఆ పిల్లవాణ్ణి లెడ్‌బీటర్ అనే ఆంగ్లేయుడు చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనన్నాడు. 1911లో ఆ జగద్గురువు రాక కోసం ఒక సంఘం వెలిసింది, కృష్ణమూర్తే దానికి అధిపతి. అతన్నీ తమ్ముణ్ణీ చదువుకని ఇంగ్లండుకు తీసుకెళ్లారు. దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంటు మీద తండ్రి దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో నెగ్గాడు, 1914లో లండను ప్రీవీ కౌన్సిల్లో ఓడిపోయాడు. ఆ పిల్లల ఇష్టాన్ని ఎవరూ అడగలేదన్న సంగతిని ఆ తీర్పు ఎత్తి చూపింది.

ఆ ఇష్టమేమిటో లోకానికి 1929 ఆగస్టు 3న తెలిసింది. హాలండులోని ఓమెన్ శిబిరంలో, వేలమంది అనుచరుల ముందు, పెంచి పెద్ద చేసిన అనీబిసెంటు కూర్చుని ఉండగానే, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి సంస్థలు దారి చూపలేవనీ తనకు శిష్యులు అక్కర్లేదనీ చెప్పాడు. మాట మాత్రమే అయివుంటే దాన్నీ ఒక లీలగా తీసుకునేవారు. ఆయన సంఘానికి వచ్చిన కోటనూ భూములనూ ఇచ్చినవాళ్లకే తిరిగి అప్పగించాడు. పికార్డ్‌కు బాణం చేసిన పనిని కృష్ణమూర్తికి ఆ అప్పగింత చేసింది. ఆ సీరియల్ రచయితలు ఆయన్ను తలుచుకుని రాశారని నేననడం లేదు. ఆ కథ అల్లికలో ఉన్న సత్యం ఎంత గట్టిదో చెప్పడానికి మన ఊరి మనిషి సాక్ష్యం ఉందంటున్నాను.

దేవతగా ఒప్పుకున్న పంతులమ్మ

పికార్డ్ కాదన్న పాత్రను ఒప్పుకుంటే ఏమవుతుంది? దీనికి బ్రిటిష్ టీవీ 1964లోనే జవాబు రాసింది. ‘డాక్టర్ హూ’ సీరియల్లో జాన్ లూకరాటీ రాసిన నాలుగు భాగాల కథ ‘ది ఆజ్‌టెక్స్’. కాలయంత్రంలో మెక్సికోకు చేరిన చరిత్ర టీచరు బార్బరాను అక్కడివాళ్లు దేవత అవతారమనుకుంటారు. ఆజ్‌టెక్కుల కళ, జ్ఞానం ఆమెకు తెలుసు, ప్రేమ కూడా. నరబలి ఒక్కటి మానిపిస్తే ఈ నాగరికత నిలుస్తుందని నమ్మి దేవతగా ఆజ్ఞాపిస్తుంది, బలి ఆపమని.

తర్వాత జరిగేది చూడండి. బలికి సిద్ధమైన యువకుడు బతికినందుకు సంతోషించడు. దక్కవలసిన గౌరవం పోయిందని తానే గుడి పైనుంచి దూకి చస్తాడు. అదే సమయానికి వాన కురుస్తుంది. బలి కోరిన పూజారి త్లోతోషల్, చూశారా, చావే వాన తెచ్చిందంటాడు. ఒక్క సన్నివేశంలో బార్బరా తీసిన ప్రాణమెవరిదో, పెంచిన నమ్మకమేదో రెండూ తేలిపోయాయి. ఇంకో పూజారి ఆట్లాక్ ఆలోచనాపరుడు, బార్బరా మాటను నమ్మినవాడు. చివరికి తన మతం మీద నమ్మకం పోగొట్టుకుని ఊరు విడిచి అడవి దారి పడతాడు. లూకరాటీ పనితనం ఇక్కడుంది. బార్బరా నాగరికతను మార్చలేకపోయింది గాని ఒక మనిషిని మార్చింది. అది గెలుపో, అతనికి చేసిన అన్యాయమో కథ తేల్చదు. పిల్లల కోసమని మొదలైన సీరియల్లో, నలుపు తెలుపు బొమ్మల్లో, ఇరుకైన స్టూడియో సెట్ల మీద ఇంత బరువైన ప్రశ్న నిలబెట్టారంటే చేతులెత్తి మొక్కాలి.

గొంతు వినిపించాక

జోక్యం వద్దనడం సులువు, ఎదుట ఎవరూ లేనప్పుడు. 1989 మేలో పికార్డ్ సీరియల్లోనే వచ్చిన ‘పెన్ పాల్స్’ ఆ సులువును పరీక్షిస్తుంది. ముక్కలవబోతున్న ఒక గ్రహం నుంచి సార్జెంకా అనే చిన్నపిల్ల రేడియోలో, అక్కడెవరైనా ఉన్నారా అని పిలుస్తుంది. ఓడలోని మరమనిషి డేటా జవాబిస్తాడు. వారాల తరబడి ఇద్దరూ మాట్లాడుకుంటారు. సంగతి బయటపడ్డాక పికార్డ్ గదిలో అధికారులంతా కూర్చుని వాదిస్తారు. ఆ వాదనలో ఎవరూ మూర్ఖులు కారు. భూకంపం నుంచి కాపాడవచ్చంటే అంటురోగం నుంచో? యుద్ధం నుంచో? గీత ఎక్కడ గీయాలి? తర్కం నియమం వైపే మొగ్గుతుంది. సంబంధం తెంచేయమని పికార్డ్ ఆజ్ఞ ఇస్తాడు. ఆ ఆజ్ఞ అమలయ్యే లోపల ఆ పిల్ల గొంతు గదిలో వినిపిస్తుంది. భయపడుతోంది, స్నేహితుణ్ణి పిలుస్తోంది. పికార్డ్ మనసు మార్చుకుంటాడు.

రచయిత్రి మెలిండా స్నాడ్‌గ్రాస్ ఇక్కడ కొత్త వాదన ఏదీ చేర్చలేదు. గొంతును చేర్చింది, అంతే. ఆ క్షణం దాకా ఆ పిల్ల ఒక సమస్య, ఇప్పుడు ఒక మనిషి. గ్రహాన్ని కాపాడాక పిల్ల జ్ఞాపకాన్ని చెరిపేస్తారు. డేటా ఆమె చేతిలో పాడే రాయి ఒకటి ఉంచి వెళ్తాడు. నియమం గెలిచిందా ఓడిందా అంటే రెండూ అనాలి.

మదనపల్లె శివార్లలోని ఆరోగ్యవరం ఈ ప్రశ్నకు మన దగ్గరున్న పెద్ద ఉదాహరణ. పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి కట్టిన క్షయ ఆసుపత్రి అది. డేనిష్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ నాయకత్వంలో 1915లో పని మొదలుపెట్టింది. క్షయకు మందే లేని కాలం. రెండు వేల అడుగుల ఎత్తున పొడి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, వీటితోనే వైద్యం. దగ్గే మనిషి ఎదుట నిలబడ్డాక జోక్యం తగదనే మాట ఎవరి నోటా రాదు. అక్కడితో కథ ముగియలేదు. దేశంలో బి.సి.జి. టీకా తొలిసారి వేసిన చోట్లలో 1948లో మదనపల్లె ఒకటి. ఆ టీకా ఊరూరా పాకే దశలో రాజాజీ 1955లో దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. టీకా మంచిచెడ్డలు వేరే సంగతి. మా ఒంట్లోకి ఎక్కించేముందు మాకు జవాబు చెప్పండి అని అడిగే హక్కు ఇటువైపు ఉందని ఆ గొడవ తేల్చింది. సార్జెంకాకు ఆ హక్కు దక్కలేదు. ఆమె జ్ఞాపకాన్ని ఆమెను అడక్కుండానే తీసేశారు. అంత చక్కని కథలో మిగిలిపోయిన వెలితి అదే.

ఛాన్సలర్ నిర్ణయం

ఆ వెలితిని పూడ్చిన భాగం 1991 ఫిబ్రవరిలో వచ్చింది. పేరు ‘ఫస్ట్ కాంటాక్ట్’. నా లెక్కలో ఈ వరుసకంతా ఇదే శిఖరం. తొలి దృశ్యం ఒక ఆసుపత్రి. గాయపడ్డ రోగిని పరీక్షిస్తున్న డాక్టర్లకు గుండె ఉండాల్సిన చోట గుండె లేదు, వేళ్లు మామూలుగా లేవు. రోగి మన సీరియల్ హీరోల్లో ఒకడైన రైకర్, మారువేషంలో ఉన్నాడు. డాక్టర్లు ఆ గ్రహం మనుషులు. కెమెరా మొదటిసారి అటువైపు వెళ్లి నిలబడింది. మనం ఇన్నాళ్లూ మనవాళ్లనుకున్నవాళ్లు ఇక్కడ గ్రహాంతరవాసులు.

ఆ గ్రహపు ఛాన్సలర్ డర్కెన్ చుట్టూ రచయితలు పేర్చిన మనుషుల్ని చూడండి. శాస్త్రమంత్రి మిరాస్టా యేల్ నక్షత్రాల కోసం జీవితమంతా ఎదురుచూసింది. అంతర్గత భద్రతా మంత్రి క్రోలా పరాయివాళ్ల రాకతో తన జాతి తనది కాకుండా పోతుందని భయపడుతున్నాడు. ఇద్దరికీ తమ జనం మీద ప్రేమే. క్రోలాను విలన్‌గా రాయడం ఎంతో తేలిక, ఆ తేలిక దారి వాళ్లు పట్టలేదు. డర్కెన్ ఇద్దరి మాటా వింటాడు. పికార్డ్‌తో కూర్చుని మాట్లాడతాడు, ఆయన్ను ఇష్టపడతాడు. ఆ తర్వాత, మా జనం ఇంకా సిద్ధంగా లేరు, మీరు వెళ్లిపోండి అంటాడు. నక్షత్రయాన పథకం వేగం తగ్గించి చదువుల మీద, సమాజం మీద ముందు పెట్టుబడి పెడతానంటాడు. పికార్డ్ బతిమాలడు, బెదిరించడు. సరేనని వెళ్లిపోతాడు. మిరాస్టా ఆ ఓడలోనే వెళ్లిపోతుంది, సొంత లోకాన్ని వదులుకుని. ప్రైమ్ డైరెక్టివ్ అసలు అర్థమేమిటో అప్పుడు బోధపడుతుంది. దూరంగా ఉండడం కాదు, వద్దన్నప్పుడు వెళ్లగలగడం.

ఈ భాగం చూసినప్పుడల్లా నాకు కుప్పం గుర్తొస్తుంది. 1990ల చివర ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం అక్కడికి వచ్చింది. చిన్న కమతాలను ఒకటిగా కలిపి, డ్రిప్పు పైపులు పరిచి చేసిన ప్రయోగం. ఖర్చు గురించి, బోరు నీటి గురించి, ఎవరికి మిగిలిందన్నదాని గురించి వాదాలు చాలా జరిగాయి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడే ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ల పథకం పెట్టింది. అందులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు ఇచ్చారు. వాళ్లు ఊళ్లలో ఫొటోలు తీసి సంపాదించుకున్నారు. పెద్ద పథకం నడుమ ఆ చిన్న ముక్కలో మాత్రం కెమెరా అటువైపు చేతిలో ఉంది. ఎవరిని తీయాలో, ఎంత తీసుకోవాలో వాళ్లే చూసుకున్నారు.

డర్కెన్ నిర్ణయానికి ఇంకా దగ్గరి ఉదాహరణ తెలంగాణలో ఉంది. ఆంధ్రప్రదేశ్ విజన్ 2020 పేరిట పెద్ద సేద్యం, కొత్త విత్తనాలు, యంత్రాలు గల రేపటిని గీసినప్పుడు, 2001 జూన్‌లో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర ‘ప్రజాతీర్పు’ జరిగింది. చిన్న రైతులు, అందులోనూ దళిత మహిళలు ఎక్కువగా, జ్యూరీగా కూర్చున్నారు. వాళ్లకు మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూపించారు. నిపుణుల్ని పిలిచి ప్రశ్నలడిగారు. చివరికి చూపించిన మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే, వాటిలోంచి తమకు కావలసినవి తీసుకుని తమ రేపటిని తామే గీసుకున్నారు. రాబోయే లోకాన్ని తెర మీద చూపి, ఇది మీకు కావాలా అని అందులో బతకబోయేవాళ్లనే అడగడం కంటే మంచి సైన్స్ ఫిక్షన్ ప్రదర్శన ఏముంటుంది?

తీసుకున్నవాళ్లు ఏం చేసుకున్నారు

పుచ్చుకునేవాళ్లు ఊరికే పుచ్చుకుని ఊరుకోరని చెప్పిన భాగం 2000 జనవరిలో వచ్చిన ‘స్టార్ ట్రెక్: వాయేజర్’ కథ ‘బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’. ఒక గ్రహంలో కాలం విపరీతమైన వేగంతో నడుస్తుంది. ఓడ దాని పైన చిక్కుకుపోతుంది. ఓడలో కొద్ది సేపు గడిస్తే కింద తరాలు గడిచిపోతాయి. కదలని నక్షత్రంలా కనిపించే ఆ ఓడను మొదట ఒక ఆదిమానవుడు దేవుడనుకుని పండు నైవేద్యం పెడతాడు. కొన్ని శతాబ్దాలకు ఒకాయన దానికి ఉత్తరం రాసి గాలిబుడ్డకు కట్టి పంపిస్తాడు. ఆ తర్వాత రేడియోతో పలకరిస్తారు. పిల్లలకు దాని బొమ్మలు అమ్ముతారు. చివరికి ఆ బొమ్మలతో ఆడుకుని పెరిగిన ఒక వ్యోమగామి ఓడలోకే వస్తాడు. ఓడవాళ్లు ఏమీ ఇవ్వలేదు, ఊరికే అక్కడ ఉన్నారు. ఒక నాగరికత దాని నుంచి భయం తీసుకుంది, పాట తీసుకుంది, విజ్ఞానం తీసుకుంది. చిక్కుకున్న ఓడను చివరికి బయటికి లాగింది కూడా వాళ్లే. ఇచ్చేవాడెవరు, పుచ్చుకునేవాడెవరు అన్న లెక్కనే కథ తలకిందులు చేసింది.

2017లో సెత్ మెక్‌ఫార్లేన్ ‘ది ఆర్విల్’ సీరియల్లో ‘మ్యాడ్ ఐడాలట్రీ’ పేరుతో ఇలాంటి కథే రాశాడు. కెల్లీ అనే అధికారిణి ఒక పిల్ల గాయం మాన్పితే శతాబ్దాల పాటు ఆమె పేరిట మతం నడుస్తుంది. ఆ జనం చివరికి, నువ్వు కాకపోతే ఇంకొకరి పేరు పెట్టుకునేవాళ్లం, ఆ దశ మాదే, దాటిందీ మేమే అంటారు. కెల్లీ అపరాధభావంలో కూడా కొంత అహంకారం ఉందని ఎంత మెత్తగా చెప్పారో!

మదనపల్లె కాలేజీలో 1919 ఫిబ్రవరి చివర జరిగింది నాకు ఈ కోవలోదే. అనీబిసెంటు 1915లో స్థాపించిన ఆ కాలేజీకి ప్రిన్సిపాలు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ టాగూరు తన జనగణమన పాడి, ఇక్కడే దాన్ని ఇంగ్లీషు చేశాడు. కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి, ఆ బాణీకి స్వరలిపి రాసింది. సామ్రాజ్యం కింద నలిగిన మరో దేశం నుంచి వచ్చిన ఆమె, తనకు తెలిసిన విద్యను ఇక్కడి పాట ముందు పెట్టింది, పాటను తన విద్యకు తగ్గట్టు కోయలేదు. మంచి జోక్యానికి అది కొలత. ఆ పాటను 1950 జనవరి 24న జాతీయ గీతంగా ఎంచుకున్నవాళ్లు మాత్రం మనమే.

మన వైపు నుంచి చూస్తే

మన సినిమా దగ్గరికి వస్తే 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ని ఈ వరుసలోనే నిలబెట్టాలి. హెచ్.జి. వెల్స్ కాలయంత్రం ఆలోచనను తీసుకుని, జంధ్యాల మాటలతో, ఇళయరాజా సంగీతంతో, శ్రీకృష్ణదేవరాయల కాలానికీ 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లిన సినిమా. అమెరికన్, బ్రిటిష్ కథలు మనం వాళ్లకు ఏమివ్వవచ్చు అని అడుగుతాయి. సింగీతం కథకు ప్రాణం వేరేచోట ఉంది. అమ్రిష్ పురి పోషించిన రాజావర్మకు ప్రాచీన వస్తువుల పిచ్చి. మ్యూజియంలోని రాయలనాటి వజ్రం కావాలి అతనికి. ఎన్నో కట్టడాలూ విగ్రహాలూ నగలూ పోగొట్టుకున్న జాతికి పరాయివాడు అనగానే ముందు తట్టేది ఏమిస్తాడని కాదు, ఏం తీసుకుపోతాడని. కాలయంత్రం అనే విదేశీ ఊహను తీసుకుని అందులో మన భయాన్ని ఇంత సహజంగా ఇమడ్చడం సింగీతం పనితనం. అది పరాయి కథకు అనుకరణ కాదు, దానికి మన వైపు నుంచి జవాబు.

ఈ కథలన్నీ కొత్తగా చూడబోయేవాళ్లు ‘హూ వాచెస్ ద వాచర్స్’తో మొదలుపెట్టి, ‘ఫస్ట్ కాంటాక్ట్’ తర్వాత ‘బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’ చూస్తే ఆలోచన ఎదిగిన దారి స్పష్టంగా తెలుస్తుంది. మొదటిదాంట్లో వచ్చినవాడు తాను దేవుణ్ణి కానంటాడు. రెండోదాంట్లో ఉన్నవాళ్లు వద్దంటారు. మూడోదాంట్లో ఉన్నవాళ్లే వచ్చినవాణ్ణి గట్టెక్కిస్తారు. ప్రతి మెట్టు దగ్గరా వచ్చినవాడు కొంత చిన్నవాడయ్యాడు, కథ పెద్దదయింది.

ఈ సీమకు ఇకముందూ ఎవరో ఒకరు కొత్త యంత్రంతో, కొత్త విత్తనంతో, కొత్త చదువుతో వస్తూనే ఉంటారు. రావద్దనడం కుదరదు, అవసరమూ లేదు. ఆరోగ్యవరం రాకపోయివుంటే ఎన్ని ప్రాణాలు పోయేవో తలుచుకుంటే వద్దనే మాట నోట రాదు. కానీ వచ్చిన ప్రతి పథకాన్నీ, ప్రతి కంపెనీనీ, ప్రతి ఉపకారినీ ఒక ప్రశ్న అడగడం ఈ కథలు నేర్పాయి. మేం వద్దంటే నువ్వు వెళ్తావా? వెళ్తానన్నవాణ్ణే ఇంట్లోకి రమ్మనాలి.